వృత్తిని కనిపెట్టే టెలివిజన్ ఆటలు

ఎదురుగా కూర్చున్న కొత్త మనిషి ఏ పని చేసి బతుకుతున్నాడో ‘అవును’, ‘కాదు’ అనే రెండు జవాబుల ఆసరాతో తేల్చడమే ఈ ఆటల సారం. పేరున్న నలుగురు ప్రశ్నలు వేస్తారు. వ్యాఖ్యాత తీర్పరిగా ఉంటాడు. ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవాళ్ళకు మాత్రం సమాధానం ముందే తెలుసు. అమెరికాలో సీబీఎస్ సంస్థ 1950 ఫిబ్రవరి 2న మొదలుపెట్టిన ‘వాట్స్ మై లైన్?’ ఈ కోవకు మూలం. ఆ తర్వాత బ్రిటన్, పశ్చిమ జర్మనీ దీన్ని తమ తీరుకు మలచుకుని దశాబ్దాలపాటు నడిపాయి.

తెలుగు టెలివిజన్ దీనికి పాతికేళ్ళకు పైగా గడిచాక పుట్టింది. అయితే వృత్తి, వేషం, గుర్తుపట్టడం అనే మూడింటి చుట్టూ అల్లిన వినోదం తెనాలి, బాపట్ల, రేపల్లె వంటి కృష్ణా డెల్టా ఊళ్ళకు కొత్తది కాదు. పగటి వేషాలు అలాంటివే. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే టీవీ ఆట ఎందుకు అంతగా పండిందో, అది ఎలాంటి సమాజంలో పుట్టగలదో తెలుస్తుంది.

ఆట తీరు

అతిథి లోపలికి వచ్చి నల్లబల్ల మీద తన పేరు రాస్తాడు. వ్యాఖ్యాత పక్కన కూర్చుంటాడు. అతని వృత్తి ఏమిటో అక్షరాల్లో తెర మీద పడుతుంది. స్టూడియోలోని జనానికీ ఇళ్ళలోని ప్రేక్షకులకీ అది కనిపిస్తుంది, ప్రశ్నలు వేసే బృందానికి కనిపించదు. అతిథిది జీతం ఉద్యోగమా, సొంత వ్యాపారమా అన్న ఒక్క ముక్క మాత్రం వ్యాఖ్యాత చెబుతాడు. అక్కడి నుంచి బృందం వంతులవారీగా అడుగుతుంది. ‘అవును’ వచ్చినంతసేపూ అడిగినవారే మళ్ళీ అడగవచ్చు. ‘కాదు’ వస్తే వంతు పక్కవారికి పోతుంది, అతిథి ఖాతాలో ఐదు డాలర్లు పడతాయి. పది ‘కాదు’లు పూర్తయితే అతిథి గెలిచినట్టు. అతనికి దక్కే మొత్తం యాభై డాలర్లు.

ఈ నడకను మన ఊరి మనిషితో ఊహించుకోవచ్చు. అతిథి బాపట్ల వ్యవసాయ పరిశోధనా స్థానంలో కొత్త వరి వంగడాలు తయారుచేసే శాస్త్రవేత్త అనుకుందాం.

‘మీ పనికి సంబంధించిన వస్తువు చేత్తో పట్టుకోవచ్చాండీ?’ ‘అవునండీ.’

‘తినొచ్చా?’ ‘అవును.’

‘ఇవాళ మధ్యాహ్నం నేను తిని ఉంటానా?’ ‘అవును.’ ఇక్కడ హాలంతా నవ్వుతుంది. 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, బాపట్లలో పుట్టిన వంగడమేనని, దాని పేరులోని మొదటి మూడక్షరాలు ఆ ఊరివేనని ఎరిగినవాళ్ళకు ఆ నవ్వు రెండింతలు.

‘మీరు వండుతారా?’ ‘కాదు.’ ఐదు పడ్డాయి.

‘అమ్ముతారా?’ ‘కాదు.’ మరో ఐదు.

‘పోనీ, పండిస్తారా?’

ఇక్కడ అతిథి తటపటాయిస్తాడు. ఆయన మళ్ళలో వరి నాటించే మాట నిజం, కానీ రైతు కాదు. ఇలాంటి చోటే వ్యాఖ్యాత పనితనం బయటపడుతుంది. ‘అవును’ అంటే బృందం దారి తప్పుతుంది, ‘కాదు’ అంటే అబద్ధమవుతుంది. అతిథి చెవిలో గుసగుసలాడి, షరతులు పెట్టి, ‘పండించడమన్న మాటను కాస్త విశాలంగా తీసుకుంటే’ అంటూ తీర్పు చెబుతాడు. ఆట రక్తి కట్టేది ఈ సందుల్లోనే. వృత్తి పేరు విడమరిచి చెప్పడం తేలికే, దాన్ని అవును-కాదుల గళ్ళలో ఇరికించడమే కష్టం.

పుట్టుక

అవును-కాదు ఆట రేడియో నాటిది. అమెరికాలో 1946లో, బ్రిటన్‌లో 1947లో ‘ట్వెంటీ క్వశ్చన్స్’ రేడియోలో మొదలైంది. ఒక వస్తువునో మనిషినో ఇరవై ప్రశ్నల్లో కనిపెట్టడం అందులోని పందెం. దాన్ని వృత్తుల వైపు తిప్పి, కంటికి పని కల్పించినవారు నిర్మాతలు మార్క్ గుడ్‌సన్, బిల్ టాడ్‌మన్. మనిషి కళ్ళెదుట ఉంటాడు, బట్టలు, చేతులు, నడక అన్నీ కనిపిస్తాయి, అయినా పని తెలియదు. టీవీకి ఇంతకన్నా అమరిన ఆట మరొకటి లేదు. తొలినాళ్ళలో అతిథి బృందం ముందు నుంచి నడిచి వెళ్ళేవాడు, వాళ్ళు అతని అరచేతులు చూసి తలా ఒక ఊహ చెప్పేవారు. తర్వాత ఆ పద్ధతి పోయింది.

మొదటి ప్రసారం న్యూయార్క్ నుంచి ప్రత్యక్షంగా సాగింది. ఆనాటి బృందంలో కవి లూయీ అంటర్‌మేయర్, పత్రికా రచయిత్రి డొరతీ కిల్‌గాలెన్, న్యూజెర్సీ మాజీ గవర్నర్ హెరాల్డ్ హాఫ్‌మన్, మానసిక వైద్యుడు రిచర్డ్ హాఫ్‌మన్ ఉన్నారు. తొలి అతిథి ఒక పేరున్న క్లబ్బులో వచ్చినవారి టోపీలు, కోట్లు తీసుకుని భద్రపరిచే యువతి. 1950 అక్టోబరు నుంచి ఆదివారం రాత్రి పదిన్నరకు కుదురుకున్న ఈ కార్యక్రమం 1967 సెప్టెంబరు 3 దాకా నడిచింది. మొత్తం 876 భాగాలు.

బృందం, వ్యాఖ్యాత

పదిహేడేళ్ళూ వ్యాఖ్యాతగా ఉన్న జాన్ చార్ల్స్ డేలీ దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో పుట్టిన వార్తల మనిషి. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద దాడి వార్తనూ, 1945లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మరణవార్తనూ సీబీఎస్ రేడియో శ్రోతలకు వినిపించిన గొంతు ఆయనది. విచిత్రమేమంటే 1953 నుంచి 1960 దాకా ఆయన పోటీ సంస్థ ఏబీసీలో వార్తా విభాగానికి ఉపాధ్యక్షుడు. ఆదివారం రాత్రి మాత్రం సీబీఎస్‌లో ఈ ఆట నడిపేవాడు. ఆయన వాక్యాలు బారెడు, మర్యాద మూరెడు ఎక్కువ. బృందంలోని వారిని మిస్టర్, మిస్ అనే పిలిచేవాడు. మగవాళ్ళు విందు కోట్లతో, ఆడవాళ్ళు సాయంత్రపు గౌన్లతో వచ్చేవారు.

బృందంలో ఎక్కువకాలం నిలిచింది ముగ్గురు. నటి ఆర్లీన్ ఫ్రాన్సిస్ రెండో ప్రసారంలో చేరింది. ప్రచురణకర్త బెనెట్ సెర్ఫ్ ర్యాండమ్ హౌస్ స్థాపకుల్లో ఒకడు. డొరతీ కిల్‌గాలెన్ బ్రాడ్‌వే విశేషాలు రాసే కాలమిస్టు, ఆటను పంతంగా ఆడేది. నాలుగో కుర్చీలో హాస్యగాళ్ళు మారుతూ వచ్చారు. వారిలో స్టీవ్ ఆలెన్ 1953లో ఒక వస్తువు పరిమాణం తేల్చుకోవడానికి, అది రొట్టెలు దాచే డబ్బా కన్నా పెద్దదా అని అడిగాడు. ఆ ప్రశ్న అమెరికా జనం నోట నానుడిగా నిలిచిపోయింది.

కాలం నీడ కూడా ఈ వేదిక మీద పడింది. కమ్యూనిస్టు వ్యతిరేక ప్రచారం ఉధృతంగా ఉన్న రోజుల్లో ఒత్తిళ్ళకు తలొగ్గి 1951లో అంటర్‌మేయర్‌ను తప్పించారు. ఆ కుర్చీలోకే సెర్ఫ్ వచ్చాడు. 1965 నవంబరు 7న ఆటలో పాల్గొన్న కిల్‌గాలెన్ మర్నాడు తన ఇంట్లో చనిపోయి కనిపించింది. ఆమె స్థానంలో శాశ్వతంగా మరెవరినీ తీసుకోలేదు, వారానికొకరు వచ్చి కూర్చునేవారు.

గంతల అంకం

ప్రతి ప్రసారంలో ఒక అంకానికి బృందం కళ్ళకు గంతలు కట్టుకునేది. ఆ వచ్చే అతిథి అందరికీ తెలిసిన ముఖం కాబట్టి ఇక్కడ వృత్తికి బదులు మనిషినే పట్టుకోవాలి. మొదటి అతిథి యాంకీస్ బేస్‌బాల్ ఆటగాడు ఫిల్ రిజూటో. తర్వాత ఎలినార్ రూజ్‌వెల్ట్, వాల్ట్ డిస్నీ, వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ మొదలైనవారు వచ్చారు. సినిమావాళ్ళు గొంతు మార్చి కీచుగానో, ముక్కుతోనో జవాబులు చెప్పేవారు.

వాటిలో 1957 జనవరిలో చిత్రకారుడు సాల్వడార్ డాలీ వచ్చిన రాత్రి ప్రత్యేకమైనది. రచయితవా అంటే అవునన్నాడు. ప్రదర్శనలిస్తావా అంటే అవునన్నాడు. ఏది అడిగినా అవుననడం చూసి డేలీ మధ్యలో అడ్డుపడి, అంత ఉదారంగా ఒప్పుకోవడం బృందాన్ని దారి తప్పిస్తుందని సర్దవలసి వచ్చింది. డాలీ అబద్ధమాడలేదు. పుస్తకాలు రాశాడు, సినిమాలకు పనిచేశాడు, అన్నిట్లో వేలుపెట్టాడు. ఒకే మనిషి ఒకే పని చేస్తాడన్న నమ్మకం మీద నిలబడిన ఆట ఆయన ముందు తడబడింది. చివరికి మీసం ప్రస్తావనతో దొరికిపోయాడు.

దీనికి తిరగబడ్డ కథలూ ఉన్నాయి. 1963 డిసెంబరులో తెల్ల సూటు, మేక గడ్డంతో వచ్చిన హార్లండ్ శాండర్స్ ముందు బృందం గంతలు కట్టుకోలేదు. కెంటకీ ఫ్రైడ్ చికెన్ స్థాపకుడి ముఖం అప్పటికింకా జగమెరిగినది కాదు. 1970ల తొలినాళ్ళలో, తర్వాతి రూపంలోని ఆటకు జార్జియా గవర్నర్‌గా జిమ్మీ కార్టర్ వచ్చాడు. బృందానికి ఆయన వృత్తి చాలాసేపు అందలేదు. 1976లో ఆయన దేశాధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు.

సోదర కార్యక్రమాలు

ఇదే నిర్మాతలు 1952లో ‘ఐవ్ గాట్ ఎ సీక్రెట్’ మొదలుపెట్టారు. వృత్తికి బదులు ఇందులో కనిపెట్టాల్సింది అతిథి రహస్యం. 1956 ఫిబ్రవరి 9న శామ్యూల్ సీమోర్ అనే 95 ఏళ్ళ వృద్ధుడు వచ్చాడు. కొద్దిముందే బస చేసిన హోటల్లో జారిపడి కంటి దగ్గర వాచిపోయి ఉంది. ఆయన రహస్యం, 1865 ఏప్రిల్ 14న ఫోర్డ్ నాటకశాలలో అబ్రహాం లింకన్ హత్య జరిగినప్పుడు ఐదేళ్ళ పిల్లాడిగా అక్కడ ఉండటం. అధ్యక్షుణ్ణి కాల్చిన సంగతి ఆ పిల్లాడికి అర్థం కాలేదు. పైనుంచి వేదిక మీదికి దూకి పడిన మనిషికి దెబ్బ తగిలిందేమోనని కంగారుపడ్డాడు. దూకినవాడే హంతకుడు. బృందం రహస్యాన్ని పట్టేసినా వ్యాఖ్యాత గ్యారీ మూర్ ఆయనకు పూర్తి పారితోషికం 80 డాలర్లు ఇప్పించాడు. కార్యక్రమాన్ని పోషించేది సిగరెట్ల కంపెనీ, సీమోర్ తాగేది పైపు. అందుకని పైపు పొగాకు డబ్బా ఒకటి చేతిలో పెట్టారు. రెండు నెలలకు సీమోర్ కన్నుమూశాడు.

1956 డిసెంబరులో వచ్చిన ‘టు టెల్ ద ట్రూత్’ ఆటను మరో మెలిక తిప్పింది. ముగ్గురు వచ్చి తామే ఫలానా అంటారు. అసలువాడు నిజమే చెప్పాలి, మిగతా ఇద్దరూ ఎంతైనా బొంకవచ్చు. ప్రశ్నలయ్యాక బృందం ఓటు వేస్తుంది, అప్పుడు అసలువాడు లేచి నిలబడతాడు. పైలట్ వేషంతో విమానాలెక్కానని చెప్పుకున్న ఫ్రాంక్ అబగ్నేల్ 1977లో ఈ ఆటకు వచ్చాడు. మారువేషాలే బతుకుతెరువని చెప్పుకున్నవాడికి అంతకన్నా తగిన వేదిక ఉండదు. అతని కథగా 2002లో వచ్చిన హాలీవుడ్ సినిమా ఈ ఆట దృశ్యంతోనే మొదలవుతుంది.

బ్రిటన్

బీబీసీ 1951 జులై 16న తన ‘వాట్స్ మై లైన్?’ ప్రారంభించింది. అది 1963 దాకా సాగింది, తర్వాత 1970ల్లో, 1980ల్లో మళ్ళీ వచ్చింది. ఐర్లండ్‌వాడైన ఏమన్ ఆండ్రూస్ వ్యాఖ్యాత. బృందంలో ఇసొబెల్ బార్నెట్, బార్బరా కెల్లీ, ఇంద్రజాలికుడు డేవిడ్ నిక్సన్, గిల్బర్ట్ హార్డింగ్ ఉండేవారు. హార్డింగ్ ముక్కోపి. వంకర జవాబులిచ్చే అతిథుల మీద అతను విసుక్కోవడం చూడటానికే జనం టీవీ పెట్టేవారు. మర్యాద అమెరికా రూపానికి ప్రాణమైతే, చిరాకు బ్రిటిష్ రూపానికి ఉప్పూకారమైంది.

అక్కడ అతిథి ముందుగా తన పనిలోని ఒక కదలికను మూగాభినయంగా చూపించాలి. డబ్బుకు బదులు గెలిచినవారికి ఒక యోగ్యతాపత్రం ఇచ్చేవారు. ఆ ఆటలో చిరస్థాయిగా నిలిచిన వృత్తి ‘సాగర్ మేకర్స్ బాటమ్ నాకర్’. ఇంగ్లండ్‌లోని స్టోక్ ప్రాంతపు పింగాణీ కార్ఖానాల్లో పాత్రలను కాల్చేటప్పుడు మంట, పొగ నేరుగా తగలకుండా ముతక మట్టి పెట్టెల్లో సర్దుతారు. ఆ పెట్టెను సాగర్ అంటారు. పెట్టె గోడలు మలిచేది అనుభవమున్న పనివాడు. ఇనుప చట్రంలో బంకమట్టి వేసి కొయ్య సుత్తితో బాది అడుగుపలక తయారుచేసేది అతని కింది కుర్రాడు. ఆ కుర్రాడి ఉద్యోగం పేరే అది. లండన్ స్టూడియోలోని పెద్దమనుషులు ఎన్ని ప్రశ్నలు వేస్తే మాత్రం అక్కడికి చేరుకోగలరు? స్టోక్‌లో అది ఇంటింటా తెలిసిన పని.

జర్మనీ, జపాన్

పశ్చిమ జర్మనీలో రాబర్ట్ లెంబ్కె 1955 జనవరిలో ‘వాస్ బిన్ ఇష్?’ మొదలుపెట్టాడు. 1958లో ఆగి, 1961లో తిరిగి వచ్చి, 1989లో ఆయన మరణించేదాకా నడిచింది. అతిథి ముందుగా రంగురంగుల పింగాణీ పంది బొమ్మల్లోంచి ఒక హుండీని ఎంచుకుంటాడు. ప్రతి ‘కాదు’కీ లెంబ్కె అందులో ఐదు మార్కుల నాణెం వేస్తాడు, అది గలగలమంటుంది. పది ‘కాదు’లకు యాభై మార్కులు. పనిలోని ఒక కదలికను అభినయించి చూపడం ఇక్కడా ఉంది. బృందంలోని హన్స్ జాక్స్ నిజజీవితంలో ప్రభుత్వ న్యాయవాది, మరియన్నె కొఖ్ సినిమా నటి, తర్వాత వైద్యురాలు. జర్మన్లకు ఈ పంది హుండీలు ఇంట్లో సామాన్లంత పరిచయమైపోయాయి.

జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వృత్తుల ఆటను వదిలి రహస్యాల ఆటను తీసుకుంది. ‘వతాషి నో హిమిత్సు’ పేరుతో అది 1955 నుంచి 1967 దాకా సాగింది.

చిన్న బహుమతి, పెద్ద ఆయుష్షు

1950ల నడుమ అమెరికా టీవీలో పెద్ద బహుమతుల క్విజ్‌లు విజృంభించాయి. వాటిలో కొన్నింట్లో జవాబులు ముందే అందిస్తున్నారని 1958లో బయటపడింది. ‘ట్వెంటీ వన్’లో వారాల తరబడి గెలిచిన చార్ల్స్ వాన్ డోరెన్ 1959లో ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు మోసాన్ని ఒప్పుకున్నాడు. ఒకదాని వెంట ఒకటిగా ఆ ఆటలు మూతపడ్డాయి. ‘వాట్స్ మై లైన్?’ మాత్రం చెక్కుచెదరలేదు. యాభై డాలర్ల కోసం ఎవరూ మోసం చేయనక్కర్లేదు. పైగా జనం చూసేది గెలుపోటములను కాదు, వెతుకులాటను.

ఈ ఆటలోనూ వండిన హాస్యం కొంత ఉంది. నవ్వు రప్పించే ప్రశ్నల దారి బృందంలోని వారికి ముందుగా సూచించే అలవాటు ఒకప్పుడు ఉండేదని దీని నిర్మాణ బాధ్యతలు చూసిన గిల్ ఫేట్స్ 1978లో తెచ్చిన పుస్తకంలో రాశాడు. జవాబు చెప్పేయడం వేరు, తమాషా ప్రశ్న అందించడం వేరు. అయినా తెర మీద కనిపించే అమాయకత్వమంతా అప్పటికప్పుడు పుట్టింది కాదు.

నవ్వు ఎక్కడిది?

ప్రేక్షకుడికి సంగతి తెలిసి, అడిగేవారికి తెలియకపోవడంలోనే హాస్యం ఉంది. అతిథి పరుపులు అమ్మేవాడైతే ‘మీ సేవ నాకు రాత్రిపూట పనికొస్తుందా?’ అన్న మామూలు ప్రశ్నకు హాలు గొల్లుమంటుంది. అడిగినామెకు ఎందుకు నవ్వుతున్నారో తెలియదు.

దానికింద మరో పొర ఉంది. చక్కగా అలంకరించుకున్న యువతి వస్తే బృందం మోడలా, నటా అనే వైపు వెళ్ళేది. ఆమె ఏ బరువైన యంత్రం నడిపే మనిషో అయ్యేది. కార్యక్రమానికి అతిథులను ఎంచేవారు కావాలనే రూపానికీ పనికీ పొంతన లేనివారిని వెతికేవారు. అందుకే ఈ పాత భాగాలు నేడు సమాజ చరిత్రకు సాక్ష్యాలు. ఆనాటి చదువుకున్న అమెరికన్లు ఏ పనిని ఆడవాళ్ళదనుకున్నారో, ఏది మగవాళ్ళదనుకున్నారో, ఏ ముఖానికి ఏ పని తగదనుకున్నారో వాళ్ళ ప్రశ్నల్లో నమోదై ఉంది.

పగటి వేషాలతో పోలిక

తెలుగునాట పగటి వేషగాళ్ళు ఒక ఊళ్ళో కొన్నాళ్ళు మకాం వేసి రోజుకొక వేషం కడతారు. తెర, వేదిక, టికెట్టు ఏవీ ఉండవు. పట్టపగలు బజారులో, ఇళ్ళ గుమ్మాల ముందు ఆట సాగుతుంది. ఒకనాడు బుడబుక్కలవాడు, ఒకనాడు సోది చెప్పే ఎరుకలసాని, ఒకనాడు ఫకీరు, ఒకనాడు సోమయాజి-సోమిదేవమ్మ, ఒకనాడు తుపాకీ పట్టి కోతలు కోసే పిట్టలదొర. ఆఖరి రోజున వేషం లేకుండా వచ్చి సంభావనలు పుచ్చుకుంటారు. రేపల్లె దగ్గర పెనుమూడి వంతెన మీదుగా కృష్ణ దాటితే కూచిపూడి అట్టే దూరం కాదు. అక్కడి భాగవతుల్లోనూ పగటి వేషాలు కట్టినవారున్నారు.

ఇందులోనూ వస్తువు వృత్తే. వేషగాడు ఆ వృత్తివారి కట్టు, యాస, సంచి, నడక ఎంత నిఖార్సుగా దించితే అంత మెప్పు. కానీ ఆట దిశ తలకిందులు. టీవీ ఆటలో మనిషి కనిపిస్తాడు, పని దాగి ఉంటుంది. పగటి వేషంలో పని కనిపిస్తుంది, మనిషి దాగి ఉంటాడు.

ఈ తేడాకు కారణం సమాజంలో ఉంది. కులవృత్తుల పల్లెలో భుజం మీది గుడ్డ, చేతిలోని పనిముట్టు, మాట తీరు చూడగానే ఎదుటివాడి పని తెలిసేది. అది అందరికీ చదవడం వచ్చిన లిపి కాబట్టే వేషగాడు దాన్ని రాసి చూపించగలిగాడు. న్యూయార్క్ వంటి నగరంలో లక్షలమంది ఒకే మాదిరి కోట్లు వేసుకున్నారు, లెక్కలేనన్ని కొత్త పనులు పుట్టుకొచ్చాయి. చూపుతో పని తేలనప్పుడే దాన్ని కనిపెట్టడం వినోదమవుతుంది.

పిల్లల చీటీలాట ఈ రెండింటికీ నడుమ ఉంది. నాలుగు కాగితాల మీద రాజు, మంత్రి, పోలీసు, దొంగ అని రాసి మడిచి విసురుతారు. పోలీసు చీటీ వచ్చినవాడు మిగిలినవాళ్ళ ముఖాలు చూసి దొంగను పట్టుకోవాలి. ఇక్కడ వేషమూ లేదు, ప్రశ్నా లేదు. నవ్వు ఆపుకోలేనివాడు దొరికిపోతాడు.

తెనాలి, బాపట్ల, రేపల్లె

ఆంధ్రా ప్యారిస్ అని పేరు మోసిన తెనాలి గుంటూరు జిల్లాలో ఉంది. బాపట్ల, రేపల్లె 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. ఈ మూడు ఊళ్ళ నడుమ ఇవాళ ఎన్నెన్ని పనులున్నాయో చూస్తే ఈ ఆటకు అతిథుల కరువుండదు. తెనాలిలో మినప్పప్పు మిల్లులున్నాయి, నాయకుల విగ్రహాలు పోతపోసే శిల్పశాలలున్నాయి, ఇనుప తుక్కును అతికి నిలువెత్తు బొమ్మలు చేసే శిల్పులున్నారు. దుగ్గిరాల పసుపు యార్డులో కొమ్ము విరిచి రంగు చూసి ధర కట్టేవాళ్ళున్నారు. నిజాంపట్నం హార్బరులో బోటు ఎక్కేవాళ్ళూ, ఒడ్డున ఐసు నింపేవాళ్ళూ ఉన్నారు. 1945లో స్థాపించిన బాపట్ల వ్యవసాయ కళాశాల చుట్టూ పురుగుల మీద, నేలల మీద, విత్తనాల మీద బతికే చదువులున్నాయి.

తీరం పొడుగునా రొయ్యల సాగు తెచ్చిన పనులు మరీ కొత్తవి. హేచరీలో కంటికానని రొయ్య పిల్లలను, అక్కడివారి మాటలో సీడును, లెక్కకట్టి ఆక్సిజన్ నింపిన సంచుల్లోకి ఎక్కించే మనిషిని తీసుకోండి. ప్యాంటూ చొక్కాలో వచ్చి కూర్చుంటే బ్యాంకు గుమాస్తాకూ అతనికీ తేడా కనిపించదు. స్టోక్ కుర్రాడి అడుగుపలక లాగే ఇదీ స్థానికులకు నిత్యకృత్యం, బయటివారికి అందని పని. రైల్లో ఎదురుసీటు మనిషిని ‘ఏ ఊరు, ఎవరి తాలూకు, ఏం చేస్తుంటారు’ అని అడిగే అలవాటు డెల్టాలో ఇంకా ఉంది. మొదటి రెండు ప్రశ్నలతోనే మూడోదానికి జవాబు దొరికే రోజులు మాత్రం పోయాయి.

గంతల అంకానికి వచ్చి తప్పక ఓడిపోయే మనిషి ఈ ప్రాంతంలోనే పుట్టాడు. తెనాలి దగ్గరి మోరంపూడికి చెందిన కొంగర జగ్గయ్య ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివి, సినిమా నటుడై, 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. తెలుగు అనువాద చిత్రాల్లో శివాజీ గణేశన్‌కు గొంతు అరువిచ్చాడు. డేలీ లాగే వార్తల గొంతు ఆయనది. వృత్తి అడిగితే డాలీ లాగే చాలావాటికి అవుననవలసినవాడు. కానీ ఆ కంచుకంఠం ఒక్క ‘అవును’ అంటే చాలు, కళ్ళకు ఎన్ని గంతలు కట్టినా తెలుగువాళ్ళు పట్టేస్తారు.

తెలుగు తెరపై వృత్తి ప్రశ్న

డెల్టా శ్రోతలకు 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం ముందుగా అందింది. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబరు 23న ప్రారంభమైంది. ప్రైవేటు తెలుగు చానళ్ళు 1995లో జెమిని, ఈటీవీలతో వచ్చాయి. ఈలోగా దేశంలో క్విజ్ అంటే పుస్తక జ్ఞానపు పోటీగా స్థిరపడింది. 1985లో సిద్ధార్థ బసు దూరదర్శన్‌లో నడిపిన ‘క్విజ్ టైమ్’ కాలేజీ జట్ల పోటీ. 2000లో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ కోటి రూపాయల ఆశను జతచేసింది. 2014లో నాగార్జున వ్యాఖ్యాతగా ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ తెలుగులోకి వచ్చింది.

ఈ కోటీశ్వరుల ఆటలో వృత్తికి ఉన్న చోటు గమనించదగ్గది. పోటీదారు కుర్చీలో కూర్చోకముందే అతని ఊరు, ఇల్లు, ఉద్యోగం ఒక చిన్న చిత్రంగా చూపిస్తారు. వృత్తి అతని కష్టాల కథకు ముందుమాట. ‘వాట్స్ మై లైన్?’లో ఏది చివరి ముడో, ఇక్కడ అది మొదటి పరిచయం. ఒక ఆటకు ప్రేక్షకుడి కుతూహలం ఆధారం, రెండోదానికి సానుభూతి.

మిగిలినవి

తొలినాటి ప్రసారాలను ఫిల్ము మీదకి ఎక్కించేవారు. ఆ ఫిల్ములోని వెండి కోసం కొన్నాళ్ళు వాటిని కరిగించేశారు. 1952లో సంగతి తెలుసుకున్న గుడ్‌సన్, టాడ్‌మన్ భద్రపరిచే ఖర్చు తామే పెట్టుకోవడంతో ఆ తర్వాతి భాగాల్లో అధికం దక్కాయి. సీబీఎస్ ఆపేశాక 1968 నుంచి 1975 దాకా ఆట వేరే వ్యాఖ్యాతలతో స్థానిక స్టేషన్లలో సాగింది. జర్మనీలో 2000ల తొలినాళ్ళలో ఒక ప్రైవేటు చానల్ పంది హుండీలను మళ్ళీ తెచ్చింది. 1967లో సీబీఎస్ ఆఖరి ప్రసారంలో గంతల అతిథి స్వయంగా జాన్ డేలీ. అడిగేవాడూ, చెప్పేవాడూ ఆయనే అయ్యాడు.

ఈ ఆట తన కాలంలో అంతగా నిలవడానికి కారణం సరళం. మనిషికి పక్కవాడి సంపాదన మీద కన్నా వాడి పని మీద కుతూహలం ఎక్కువని అది నమ్మింది, ఐదు డాలర్ల పందెంతో పదిహేడేళ్ళు దాన్ని రుజువు చేసింది. కంప్యూటరు ముందు కూర్చోవడం ఒక్కటే కనిపించి పని ఏమిటో ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పలేని ఉద్యోగాలు హైదరాబాద్‌లోనే కాదు, తెనాలిలోనూ పెరిగాయి. పది ‘కాదు’లు పూర్తయినా తేలని వృత్తులు 1950లో కన్నా ఇప్పుడే ఎక్కువ.